మట్టి పట్టిన ఆదివారాలు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఒక సంస్థలో పద్దులు చూసే ఉద్యోగం. పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా కంప్యూటర్ ముందే. ఐదు నెలల క్రితం ఒక సహోద్యోగి బలవంతం మీద, మట్టిపాత్రలు చేయడం నేర్పే చోటికి వెళ్లాను. ఒక్క రోజు చూద్దామని వెళ్లినవాణ్ణి, ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఇప్పటిదాకా చేతికి వచ్చింది నాలుగు గిన్నెలు, ఒక వంకర కప్పు. మా ఆవిడ "ఇంతకన్నా మంచివి అంగట్లో దొరుకుతాయి కదా, ఉన్న ఒక్క ఆదివారమూ దీనికే పోవాలా?" అంటుంది. మా అబ్బాయి "నాన్న మట్టితో ఆడుకుంటున్నాడు" అని నవ్వుతాడు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నిజం చెప్పాలంటే, దీనిలో నన్ను పట్టి లాగుతున్నది ఏమిటో నాకే తెలియదు. ఇది ఆఫీసు నుంచి పారిపోవడమేనా? ఇంట్లో ఒక సారె, అదే కుమ్మరి చక్రం, కొని పెట్టుకోవాలని ఉంది, కొననా? మరొక సంగతి. నేను సారె మీద చేసిన మొదటి గిన్నె కాలి వచ్చేసరికి దాని అడుగున పాములా మెలిక తిరిగిన పగులు. ఎందుకలా అయింది? పారేయబోతే మా ఆవిడ లాక్కుని, అద్దం ముందు పెట్టుకుని అందులో పిన్నీసులు వేసుకుంటోంది. నా పనితనానికి దక్కిన మర్యాద అదీ!
– పేరు వద్దన్న పాఠకుడు

సమాధానం:

మీరు నాలుగు ప్రశ్నలు అడిగారు. అయిదోది అడగలేదు గానీ ఉత్తరంలో ఉంది. దాని దగ్గరికి చివర్లో వస్తాను.

ముందుగా ఒక మాట. నేనూ పదకొండేళ్లుగా గోళ్ల సందుల్లో మట్టితో తిరుగుతున్నదాన్నే. గొప్ప పాత్రలు చేశానని చెప్పుకోను. నా అలమారలో నిలిచినవాటికన్నా మళ్లీ నీళ్ల బకెట్‌లోకి వెళ్లినవే ఎక్కువ. అయినా "దీనిలో ఏముంది?" అన్న ప్రశ్న నన్నూ చాలామంది అడిగారు కాబట్టి, దాని గురించి కొంత ఆలోచించాను.

మీ ఉద్యోగంలో చేసిన పనికి బదులు ఎప్పుడు వస్తుంది? మార్చిలో వేసిన తప్పు అంకె ఏ సెప్టెంబరులోనో ఆడిట్‌లో తేలుతుంది. అప్పటికి అది ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఎవరికీ గుర్తుండదు. సరిగ్గా వేసిన అంకెకైతే బదులే రాదు. ఈ రోజుల్లో చాలామంది చేసే పని ఇలాంటిదే. చేసి పంపిస్తాం, అది ఎక్కడికో పోతుంది. మట్టి దగ్గర ఈ వాయిదా లేదు. మీరు నొక్కిన క్షణంలోనే అది బదులు చెబుతుంది. ఎక్కువ నొక్కారంటే ఎక్కువ నొక్కారనే చెబుతుంది, మీ మొహం చూసి మాట మార్చదు.

నా మాట మీద నమ్మకం లేకపోతే ఈ ఆదివారం సారె జోలికి వెళ్లకుండా ఒక గిన్నె చేసి చూడండి. గుప్పిట్లో ఇమిడే ముద్ద తీసుకోండి. గాలి, గడ్డలు లేకుండా బాగా పిసికి, గుండ్రంగా చేసి, ఎడమ అరచేతిలో పెట్టుకోండి. కుడి బొటనవేలిని మధ్యలోకి మెల్లగా దింపండి. ఎక్కడ ఆపాలి? అడుగు ఎంత మందం మిగిలిందో కంటికి కనిపించదు. కింద ఉన్న అరచేతికి తెలుస్తుంది. బొటనవేలి ఒత్తిడి అరచేతికి తగలడం మొదలైన చోట ఆగాలి. ఆ తర్వాత లోపల బొటనవేలు, బయట నాలుగు వేళ్లు. కాస్త నొక్కడం, కాస్త తిప్పడం, మళ్లీ కాస్త నొక్కడం. ప్రతి నొక్కూ ముందు నొక్కు అంచు మీద పడాలి. అడుగు నుంచి పైకి రావాలే గానీ, పై అంచును ముందే పలచన చేయకూడదు. చేస్తే గిన్నె పళ్లెంలా పరుచుకుపోతుంది.

నాలుగు చుట్లు తిరిగాక కళ్లు మూసుకోండి. గోడ ఎక్కడ మందంగా ఉందో వేళ్లే వెతికి పట్టుకుంటాయి. చూపు పోల్చలేని తేడాను అవి పోలుస్తాయి. ఈలోగా చేతి వేడికి మట్టి ఆరుతూ ఉంటుంది, అంచున సన్నని చీలికలు కనబడతాయి. తడి వేలితో రాస్తే మూసుకుంటాయి. పోనీలెమ్మని మరికాస్త నీళ్లు పూశారా, గోడ మెత్తబడి ఒక పక్కకు వాలిపోతుంది. ఇదంతా ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాల్లో మీరు అడిగిన ప్రశ్నలు ఎన్ని, దొరికిన బదులులు ఎన్ని! అన్నట్టు, అంతసేపూ మీ ఫోను మోగుతున్నా ఎత్తలేరు. తడి చేతులు ఎంత మంచి సాకో, దానికి మీరు ఎవరికీ క్షమాపణ చెప్పనక్కర్లేదు.

మట్టికి ఈ గుణం ఎక్కడిదంటే, బంకమన్నులోని రేణువులు మిల్లీమీటరులో 500వ వంతుకన్నా చిన్నవి, పైగా పలకల్లా చదునుగా ఉంటాయి. వాటి మధ్య పలచని నీటి పొర. నొక్కితే పలకలు ఒకదాని మీద ఒకటి జారతాయి, వదిలితే జారినచోటే ఉండిపోతాయి. రబ్బరును నొక్కితే వెనక్కి వస్తుంది. నీటిని తోస్తే నిలవదు. కదలమంటే కదిలి, ఉండమంటే ఉండే పదార్థాలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చూడండి, వేళ్లు మిగిలిపోతాయి. ఇంకా విచిత్రం, మట్టికి జ్ఞాపకం ఉంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు గిన్నె అంచు పొరపాటున వంగితే, మీరు మళ్లీ సరిచేసి నున్నగా చేసినా, ఆరేటప్పుడో కాలేటప్పుడో అది మళ్లీ అటే వంగుతుంది. పలకలు ఒకసారి ఒరిగిన దిక్కును అంత తొందరగా మరిచిపోవు.

మీ అబ్బాయి నవ్వు విషయానికి వస్తే, అతను అన్నది తప్పేమీ కాదు. చెక్ దేశంలోని డోల్నీ వెస్టోనిట్సే అనే చోట 1925లో ఒక చిన్న స్త్రీమూర్తి దొరికింది. మట్టితో చేసి నిప్పులో కాల్చినది, ఎత్తు సుమారు 11 సెంటీమీటర్లు, వయసు 25 వేల ఏళ్లకు పైమాటే. మనకు తెలిసిన కాల్చిన మట్టి బొమ్మల్లో అత్యంత పాతవాటిలో అదొకటి. దాని వీపు మీద ఒక వేలిముద్ర ఉంది. పరిశీలించినవాళ్లు అది ఒక పిల్లవాడిదో పిల్లదో అయి ఉంటుందన్నారు. మట్టి ఇంకా పచ్చిగా ఉండగా ఎవరో పిల్లలు దాన్ని పట్టుకున్నారు. చేసింది వాళ్లే కావచ్చు, ముట్టుకోవద్దన్నా ముట్టుకున్నవాళ్లూ కావచ్చు. వాళ్ల పేరూ, మాటా, నమ్మకాలూ ఏవీ మిగల్లేదు. వేలు ఆన్చిన చోటు మాత్రం మిగిలింది. మీ వంకర కప్పు లోపల కూడా మీ బొటనవేలి గుంత ఉండే ఉంటుంది, చూడండి. అంగట్లో కొన్న కప్పులో ఉండనిది అదే.

ఇక్కడ చిన్న హెచ్చరిక. మట్టి పని సర్వరోగ నివారిణి అని అమ్మేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. నాకు ఆ మాటలు గిట్టవు. అయితే ఒక సంగతి చెప్పుకోవచ్చు. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, 39 మంది పెద్దవాళ్లకు 45 నిమిషాలు మట్టి, రంగు కలాలు, అతికించే కాగితాలు ఇచ్చి ఇష్టమొచ్చింది చేయమన్నారు. సుమారు ముప్పావు వంతు మందిలో ఒత్తిడికి గుర్తుగా చెప్పే కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది. 39 మందితో పెద్ద తీర్పులు చెప్పలేం, పైగా వాళ్లందరూ మట్టే పట్టుకోలేదు. నాకు నచ్చింది మరొకటి: కళలో ముందు అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఈ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే మీ కప్పు వంకరగా వచ్చినంత మాత్రాన, మీకు కలగాల్సిన తేలిక కలగకుండా పోలేదన్నమాట.

అలాగని వంకరనంతా నెత్తిన పెట్టుకోకండి. లోపంలోనే అందం ఉందంటూ, వాబీ-సాబీ అనే జపాను మాటను అడ్డం పెట్టుకుని అశ్రద్ధకు ముసుగు వేసేవాళ్లను చూశాను. చేయి తిరిగిన తీరుకు అంచు కాస్త ఎగుడుదిగుడుగా ఉంటే అది మీది. కప్పు అడుగు రాయిలా బరువుగా ఉందా, అది బద్ధకం. రెండు వంకరలకూ తేడా మీకు తెలిసిపోతుంది. ఎందుకంటే రెండోది చేస్తున్నప్పుడే మనసులో చిన్న ముల్లు గుచ్చుకుని ఉంటుంది. "ఆ, ఇది చాల్లే" అని మనం దాన్ని పట్టించుకోకుండా వదిలేసి ఉంటాం.

ఇది పారిపోవడమా అని అడిగారు. దీనికి నా భాగోతం ఒకటి చెబుతాను. నేర్చుకుంటున్న రెండో ఏడు. ఒక పెద్ద జాడీ చేశాను, అడుగు మందంగా వదిలేశాను. పైకి తాకితే పొడిగానే ఉంది. మరో వారం ఆరనివ్వమని నేర్పేవారు అన్నారు. నేను వినలేదు, బట్టీలో పెట్టించాను. మందపు అడుగులో తడి దాగి ఉంది. వేడి నూరు డిగ్రీలు దాటగానే నీరు ఆవిరవుతుంది, ఆవిరికి నీటికన్నా సుమారు 1600 రెట్లు చోటు కావాలి. అంత చోటు మట్టి గోడలో ఎక్కడిది? మూత తీసేసరికి నా జాడీ పెంకుల కుప్ప. దానితో పోతే బాగుండేది. ఎగిరిన పెంకులు తగిలి పక్కనున్న ఇద్దరి పాత్రలు పగిలాయి. అందులో ఒకామె ఆ పాత్ర మీద మూడు వారాలు కూర్చుని తీగలూ ఆకులూ చెక్కింది. "కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు" అన్న సామెతలో ఆ గుదియ, అంటే దుడ్డుకర్ర, నేనే అయ్యాను. ఆమె ఒక్క మాట అనలేదు. పెంకులు ఏరి పక్కన పెట్టింది, అంతే. ఉద్యోగంలో ఏ పొరపాటుకూ నేను అంతగా తలదించుకోలేదు.

జవాబు చెప్పనక్కర్లేని చోటికి వెళ్లడాన్ని పారిపోవడమంటారు. మీరు వెళుతున్నది ఆఫీసుకన్నా కచ్చితంగా జవాబు అడిగే చోటికి. కాబట్టి ఆ అనుమానం పెట్టుకోకండి.

సారె మాత్రం ఇప్పుడే కొనకండి. మీకు ముచ్చటగా ఉందని తెలుసు. తిరిగే మట్టి చేతుల మధ్య నిటారుగా లేస్తుంటే కలిగే ఆనందం నాకూ తెలుసు. కానీ కష్టం సారెతో కాదు, పాత్రలు కాల్చే ఆవంతో. కాల్చే వసతి దగ్గర్లో లేకపోతే ఇంట్లో సారె పెట్టుకుని ఏం చేస్తారు? పచ్చి పాత్రలతో గది నింపుతారు. మొదటి కాల్పుకే 900, 1000 డిగ్రీల దాకా వేడి కావాలి. గాజుపూత పూసి గట్టి రాతిపాత్రల్లా కాల్చాలంటే 1200 దాటాలి. ఇది ఇంటి పొయ్యి మీద అయ్యే పని కాదు.

పైగా సారె లేకపోతే కుండ లేదనుకోవడం పొరపాటు. చైనాలోని షియెన్‌రెన్‌దోంగ్ గుహలో దొరికిన కుండ పెంకుల వయసు సుమారు 20 వేల ఏళ్లు. సారె పుట్టి ఐదారు వేల ఏళ్లు అయి ఉంటుంది. మిగతా కాలమంతా మనుషులు ఒట్టి చేతులతోనే చేశారు. 16వ శతాబ్దంలో జపానులో చోజిరో అనే కుమ్మరి చేసిన, రాకు అని పిలిచే టీ గిన్నెలకు సారె వాడలేదు, చేత్తో నొక్కి, కత్తితో చెక్కి చేశాడు. నైజీరియా కుమ్మరి లాడీ క్వాలీ పెద్ద పెద్ద కుండలను మట్టి చుట్టలు పేర్చి కట్టేది. కుండను తిప్పకుండా, కుండ చుట్టూ తానే తిరిగేది. ఆ దేశపు 20 నైరాల నోటు మీద ఆమె బొమ్మ ఉంది. సారెకు బదులు మనిషే తిరగడమనే ఆలోచన నాకు ఎంత నచ్చిందంటే, ఒకసారి ఇంట్లో అలాగే ప్రయత్నించాను. నడుం పట్టేసింది. అది వేరే కథ.

ఇంట్లో చేయాలనిపిస్తే ఒక చెక్క పలక, దాని మీద పరిచే మందపాటి గుడ్డ, ఒక స్పాంజి, ఒక ప్లాస్టిక్ కవరు చాలు. ఇందాక చెప్పిన గుప్పెడు మట్టి గిన్నెనే ఇరవైసార్లు చేయండి. అదే కొలత, అదే ఆకారం. పదోది అయ్యేసరికి విసుగొస్తుంది. పదిహేనోది దాటాక మీ చేతికి ఒక తీరు ఏర్పడుతుంది. అప్పటికీ సారె కావాలనే అనిపిస్తే అప్పుడు ఆలోచిద్దాం. రెండు జాగ్రత్తలు మాత్రం మరవకండి. ఎండి రాలిన మట్టిని చీపురుతో ఊడ్వకండి, తడిగుడ్డతో తుడవండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. చేతులు కడిగిన నీళ్లు సింకులో పోయకండి, గొట్టం పూడుకుపోతుంది. బకెట్‌లో ఉంచితే మట్టి అడుగుకు దిగుతుంది, పైనీరు వంపేసి ఆ మట్టిని మళ్లీ వాడుకోవచ్చు. కాల్చనంత వరకూ మట్టి ఎన్నిసార్లైనా మళ్లీ మట్టే. మన బతుకులో ఇంకేదీ ఇంత ఉదారంగా వెనక్కి తీసుకోనివ్వదు.

ఇక ఆ పగులు. మెలిక తిరిగిన పగులు అడుగున వచ్చిందంటే కారణం దాదాపుగా ఒకటే. సారె మీద గోడలను పైకి లాగేటప్పుడు వేళ్ల ఒత్తిడి పడి గోడల్లోని మట్టి గట్టిపడుతుంది. అడుగు నడుమ అంత ఒత్తిడి పడదు. దానికి తోడు మొదట్లో అందరం చేసే తప్పు, గిన్నె లోపల నీటి మడుగు అలాగే వదిలేస్తాం. గోడలు ముందు ఆరి కుంచించుకుంటాయి, తడి అడుగు వెనకబడుతుంది. పచ్చి మట్టి ఆరి, కాలి, చివరికి వచ్చేసరికి పదో వంతుకు పైగా చిన్నదవుతుంది కదా, అందులో ఒక భాగం ముందు నడిచి మరొకటి వెనక నడిస్తే మధ్యలో చీలిక తప్పదు. ఆరేటప్పుడే వెంట్రుకంత ఉండి ఉంటుంది, మీకు కనబడలేదు. కాల్పులో నోరు తెరిచింది.

వచ్చేసారి సారె మీది ముద్ద నడుమ గుంత చేసి మట్టిని తెరవగానే, గోడలు లాగకముందే, లోపలి అడుగును వేలితో నడుమ నుంచి అంచుకూ, అంచు నుంచి నడుమకూ రెండు మూడుసార్లు గట్టిగా అదమండి. దింపేముందు లోపలి నీటిని స్పాంజితో ఒత్తి తీసేయండి. పై అంచు కాస్త బిగిసి తన బరువు తాను మోయగలిగాక గిన్నెను బోర్లించండి, అడుక్కి గాలి తగలాలి. కాలిన పగులును మట్టితో పూడ్చే ప్రయత్నం చేయకండి. కాలిన మట్టి ఇక అంతగా కుంచించుకోదు, పచ్చి మట్టి కుంచించుకుంటుంది. రెండూ కలవవు.

చివరిగా మీరు అడగని ప్రశ్న. మీ ఆవిడ అన్న మాట మీరే రాశారు: "ఇంతకన్నా మంచివి అంగట్లో దొరుకుతాయి కదా, ఉన్న ఒక్క ఆదివారమూ దీనికే పోవాలా?" మీరు మొదటి సగానికి జవాబు వెతుకుతున్నారు. నాకు రెండో సగమే వినబడుతోంది. ఐదు నెలలుగా ఒక్క ఆదివారం కూడా మానలేదని మీరు గర్వంగా రాసుకున్నారు. ఇంట్లో అదే లెక్క మరోలా నడుస్తోందేమో చూడండి. మట్టి గొప్పతనం గురించి ఆవిడకు ఉపన్యాసం ఇవ్వకండి, ఈ ఉత్తరం చదివి వినిపించకండి కూడా. శిక్షణను శనివారం సాయంత్రానికి మార్చుకోగలరేమో కనుక్కోండి, కుదరకపోతే నెలకు రెండు ఆదివారాలు మానండి. ఆ రోజుల్లో ఇంట్లోనే బల్ల మీద ఒక ముద్ద మట్టి పెట్టుకుని గిన్నె చేయండి. పక్కన మరో ముద్ద ఉంచండి. ఎవరినీ రమ్మనకండి. మీ అబ్బాయి నవ్వుకుంటూ వచ్చి దాన్ని ఒకసారి నొక్కకుండా వెళ్లగలడేమో చూద్దాం.

మీ పనితనానికి దక్కిన మర్యాద అంటూ ఆ పిన్నీసుల సంగతి ఉక్రోషంగా రాశారు. పిన్నీసులు వేసుకోవడానికి కూడా అంగట్లో అంతకన్నా మంచి డబ్బాలు దొరుకుతాయండీ. ఆ సంగతి ఆవిడకు తెలియదంటారా?